ఇంగ్లండ్ చందాలతో బందరులో బడి.. 24 ఏళ్లు సొంతూరి మొహం చూడని రాబర్ట్ నోబుల్ కథ ఇదీ!

విజయవాడ, భవానీపురం: జూన్ వచ్చిందంటే చాలు.. భవానీపురంలో ఏ ఇంట్లో చూసినా ఒకటే లెక్క. ఫీజు ఎంత, బస్సుకి ఎంత, పుస్తకాలకి ఎంత. ఇంగ్లిష్ చదువు కావాలి, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఈ ప్రశ్న కొత్తదేం కాదు. ఇక్కడి నుంచి దుర్గ గుడి దాటి, బందరు రోడ్డు పట్టుకుని సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే మచిలీపట్నం. అక్కడ 180 ఏళ్ల కిందటే ఒకాయన ఈ ప్రశ్నకి జవాబు పట్టుకొచ్చారు. డబ్బు ఇంగ్లండ్‌ది, చదువు ఇంగ్లిష్‌ది, పిల్లలు మనవాళ్లు. కాకపోతే ఆ డబ్బుతో పాటు ఒక షరతు కూడా ఓడ దిగింది.

ఆయనే రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. బందరు నోబుల్ కాలేజీ పేరు వినని వాళ్లు కృష్ణా జిల్లాలో తక్కువ. ఆ పేరు వెనక ఉన్న మనిషి గురించి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. గొప్ప అర్థం వచ్చేలా ఆ పేరు ఎవరో ఎంచి పెట్టారని అనుకునేవాళ్లూ ఉన్నారు. కాదు, అది ఆయన ఇంటిపేరు.

నోబుల్ 1809లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో పుట్టారు. తండ్రి ఓ పల్లెటూరి చర్చిలో గురువు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో చదివారు. ఆ చదువుతో అక్కడే ఏదో ఒక చర్చి చూసుకుని హాయిగా బతికేయొచ్చు. అలా చేయలేదు. 1841లో ఓడెక్కి మద్రాసు మీదుగా బందరు చేరారు. అప్పటికి వయసు 32. పెళ్లి కాలేదు, తర్వాతా చేసుకోలేదు.

అసలు అప్పుడు ఇక్కడ బడులే లేవా?

ఉన్నాయి. ఇది చాలామందికి తెలియని విషయం. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టర్‌నీ బడుల లెక్క తీయమన్నారు. 1826 నాటికి లెక్క తేలింది. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు. జనాభా కోటీ 28 లక్షల పైమాట. వీధి అరుగు మీదో, గుడి మండపంలోనో నడిచే బడులే ఎక్కువ. అయ్యవారికి జీతం అంటే పిల్లల ఇళ్ల నుంచి వచ్చే డబ్బు, ధాన్యం. అంతే.

సమస్య ఎక్కడొచ్చిందంటే, ఆ ఇళ్లలోనే ధాన్యం లేకుండా పోయింది. బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో పంపిన రిపోర్టులో ఈ విషయం దాచకుండా రాశారు. ఆయన జిల్లాలో 533 బడులుంటే, ఒక్కదానికి కూడా ప్రభుత్వం నుంచి పైసా అందట్లేదు. ఇంగ్లండ్ మిల్లు గుడ్డ వచ్చి ఇక్కడి నేతగాళ్ల పొట్ట కొట్టిందని, జనం బీదవాళ్లైపోయి పిల్లల్ని బడి మాన్పిస్తున్నారని ఆ కలెక్టరే చెప్పారు. బందరు సంగతి వేరే చెప్పాలా? అద్దకం బట్టలతో దేశదేశాలకి పేరు మోసిన రేవు అది. ఇంగ్లిష్ కంపెనీ 1611లోనే కొట్టు పెట్టింది ఆ బట్టల కోసమే. 19వ శతాబ్దం వచ్చేసరికి ఆ వ్యాపారం చితికిపోయింది.

దానికి తోడు 1832-33లో డొక్కల కరువు. ఒక్క గుంటూరు సీమలోనే లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. కృష్ణ మీద ఆనకట్ట అప్పటికి లేదు. బెజవాడ దగ్గర పని మొదలైంది 1852లో, పూర్తయింది 1855లో. అంటే నోబుల్ దిగేనాటికి డెల్టా అంటే ఇప్పుడు మనం చూసే పచ్చని డెల్టా కాదు.

మరి కంపెనీ సర్కారు ఏం చేసింది? 1813 చార్టర్ చట్టంలో చదువు కోసం ఏడాదికి లక్ష రూపాయలు కేటాయించారు. ఒక ఊరికో, ఒక జిల్లాకో అనుకునేరు. కంపెనీ ఏలుబడిలో ఉన్న మొత్తం దేశానికి! ఆ లక్ష కూడా చాలా ఏళ్ల పాటు సరిగ్గా ఖర్చు కాలేదు. మన్రో తాలూకా బడులు పెట్టాలని ప్లాన్ వేశారు. ఆయన 1827లో కలరాతో పోయారు, ఆ బడుల్ని 1836లో ఎత్తేశారు.

సర్కారు వదిలేసిన ఈ ఖాళీలోకే నోబుల్ వచ్చారు.

డబ్బు ఎవరిది?

ఇక్కడ కథ కాస్త ఆసక్తిగా ఉంటుంది. తెలుగు ప్రాంతానికి మిషనరీని పంపమని చర్చ్ మిషనరీ సొసైటీని అడిగింది బందరు వైపు పనిచేస్తున్న కంపెనీ ఉద్యోగులే. వాళ్లలో కొందరు తలా కొంత వేసుకుని నిధి పోగు చేశారు. ఆ నిధి చూపించి లండన్‌కి రాశారు. ఆ జీతాలు ఎక్కడివి? రైతు కట్టిన శిస్తులోంచి వచ్చినవే కదా. అంటే విదేశీ సాయం అని మనం చెప్పుకుంటున్న దాంట్లో మొదటి రూపాయి కృష్ణా, గుంటూరు మట్టిలో పుట్టిందే. మిగతాది ఇంగ్లండ్ చర్చిల్లో ఆదివారం ఆదివారం పోగైన చందాలు.

నోబుల్‌తో పాటు వచ్చిన ఇంకో కుర్రాడు హెన్రీ వాట్సన్ ఫాక్స్. ఇద్దరూ పని పంచుకున్నారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి తెలుగులో ప్రచారం చేయాలి, నోబుల్ బడి నడపాలి. ముందు రెండేళ్లు నోబుల్ తెలుగు నేర్చుకుంటూ గడిపారు. 1843 నవంబర్‌లో బడి తెరిచారు. మొదట్లో వచ్చిన పిల్లల్ని చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత తర్వాత పెరిగారు.

ఎందుకు పెరిగారో ఊహించడం కష్టమేం కాదు. కలెక్టర్ కచేరీలో, కోర్టులో, కమ్మెట దగ్గర కాదు కాగితం దగ్గర కూర్చుని చేసే ఉద్యోగం కావాలంటే ఇంగ్లిష్ రావాలి. ఆ ఇంగ్లిష్ నేర్పేది కేంబ్రిడ్జ్‌లో చదివిన దొర. అగ్రకులాల తండ్రులు పిల్లల్ని పంపారు. బైబిల్ పాఠం మాత్రం రోజూ ఉంటుంది, తప్పించుకోవడానికి లేదు. ఇదే ఆ షరతు. చందా ఇచ్చినవాళ్లకి కావాల్సింది కొత్త క్రైస్తవులు. పిల్లల తండ్రులకి కావాల్సింది ఇంగ్లిష్. ఎవరి లెక్క వాళ్లది. పిల్లాడు ఇంగ్లిష్ తెచ్చుకుని, బైబిల్ అక్కడే వదిలేసి వస్తాడని ఇంట్లో ధీమా. ఆ ధీమా తొమ్మిదేళ్ల పాటు నిలిచింది.

1852.. బడి ఖాళీ!

ఆ ఏడాది ఇద్దరు విద్యార్థులు నోబుల్ ఇంటికి వెళ్లి బాప్తిస్మం కావాలన్నారు. ఒకరు మంచాల రత్నం, బ్రాహ్మణ కుటుంబం. ఇంకొకరు ఐనాల భూషణం, వెలమ కుటుంబం. ఊరు భగ్గుమంది. బంధువులు, జనం నోబుల్ ఇంటి మీదకి వచ్చారు. పిల్లల్ని వెనక్కి రమ్మని బతిమాలారు, బెదిరించారు. వాళ్లు రాలేదు.

ఆ రోజుల్లో మతం మారడం అంటే ఏంటో ఒకసారి ఆలోచించండి. ఇల్లు పోతుంది, కులం పోతుంది, బతికుండగానే తల్లిదండ్రులకి కొడుకు లేనట్టే. మతం మారినవాడికి ఆస్తిలో వాటా పోకూడదని కంపెనీ సర్కారు అప్పటికి రెండేళ్ల ముందే, 1850లో చట్టం చేసింది. చట్టం ఆస్తిని కాపాడుతుందేమో కానీ అమ్మ చేతి అన్నం తిరిగి పెట్టించలేదు కదా.

మర్నాటి నుంచి బడి దాదాపు ఖాళీ. తండ్రులు పిల్లల్ని లాగేసుకున్నారు. నోబుల్ ఏం చేశారు? బైబిల్ క్లాసు ఆపేస్తానని చెప్పి బుజ్జగించలేదు. తలుపులు మూసి వెళ్లిపోలేదు కూడా. మిగిలినవాళ్లతోనే పాఠాలు నడిపారు. నెమ్మదిగా పిల్లలు తిరిగొచ్చారు. షరతు ఏంటో ఇప్పుడు ఊరందరికీ తెలుసు. తెలిసీ పంపారు. ఇంగ్లిష్ అవసరం అంత గట్టిది మరి. రత్నం, భూషణం ఇద్దరూ తర్వాత చర్చి గురువులయ్యారు. ఆ బడిలోనే చదివిన జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా మతం మారి, కేంబ్రిడ్జ్ దాకా వెళ్లి చదివొచ్చారు. మొత్తం మీద చూస్తే మారినవాళ్లు కొద్దిమందే. ఇంగ్లండ్‌లో చందా ఇచ్చినవాళ్ల లెక్కలో అది చిన్న ఫలితమే. ఇంగ్లిష్ నేర్చుకుని ఉద్యోగాలకి వెళ్లినవాళ్లు మాత్రం చాలామంది.

రగ్బీ స్కూల్ పిల్లలు.. బందరు మాస్టారు

ఫాక్స్ ఆరోగ్యం ఇక్కడ నిలవలేదు. ఇంగ్లండ్ వెళ్లిపోయి 1848లో చనిపోయారు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు దాటాయంతే. ఆయన చదువుకుంది రగ్బీ స్కూల్‌లో. అవును, రగ్బీ ఆట పుట్టిన స్కూలే. పాత విద్యార్థి పోయాడని తెలిసి ఆ స్కూల్‌వాళ్లు శిలాఫలకం పెట్టి ఊరుకోలేదు. ఆయన పేరు మీద ఒక నిధి మొదలుపెట్టారు. ఆ డబ్బుతో బందరులో నోబుల్ బడికి ఒక టీచర్ ఉండాలి. ఆ పోస్టు పేరే రగ్బీ ఫాక్స్ మాస్టర్.

ఇప్పటి భాషలో చెప్పాలంటే ఒక స్పాన్సర్డ్ పోస్ట్. ఎప్పుడూ చూడని ఊరు, పేరు కూడా పలకలేని ఊరు. అక్కడ పాఠం చెప్పే మనిషి జీతం కోసం ఇంగ్లండ్‌లో స్కూల్ పిల్లలు ఏడాదికి ఏడాది చందాలు వేశారు. భవనం కట్టిస్తే ఫొటో ఉంటుంది, పేరుంటుంది. టీచర్ జీతానికి ఇచ్చిన డబ్బు కనిపించదు. కానీ బడి నడిచేది దాంతోనే. సాయం చేసే సంస్థలకి ఈ మాట ఈ రోజుకీ తలకెక్కడం కష్టంగానే ఉంది. గది కట్టడానికి ఇచ్చినంత సులువుగా జీతానికి ఇవ్వరు.

1854లో లండన్‌లో ఇంకో పెద్ద నిర్ణయం జరిగింది. చార్లెస్ వుడ్ పంపిన విద్యా విధాన పత్రం ప్రకారం ప్రైవేటు బడులకి కూడా ప్రభుత్వం గ్రాంటు ఇవ్వొచ్చు. మీ ఊళ్లో ఎయిడెడ్ స్కూల్ అని బోర్డు కనిపిస్తుంది చూడండి.. ఆ ఎయిడెడ్ అనే మాటకి మూలం అక్కడుంది.

గుమ్మం బయట మిగిలిపోయింది ఎవరు?

నోబుల్ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా దాటేసే భాగం ఇది. ఆ బడిలోకి దళితుల పిల్లల్ని రానివ్వలేదు. వాళ్లొస్తే మిగతా పిల్లలు వెళ్లిపోతారని, బడే ఉండదని నోబుల్ వాదన. తోటి మిషనరీల్లోనే దీన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. చిత్రం ఏంటంటే, క్రైస్తవుడిగా మారినవాడు మాత్రం కులం పూర్తిగా వదిలేయాల్సిందే. అందరితో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాల్సిందే. నోబుల్ ఇంట్లో కులం చెల్లదు. నోబుల్ బడి గుమ్మం దగ్గర చెల్లుతుంది. ఆయన నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేదు, కానీ ఈ రెండూ ఎలా పొసిగాయో అర్థం కాదు.

ఇంగ్లండ్ పల్లెల్లో పేదవాళ్లు కూడా చందాలు వేసేవాళ్లు. ఆ డబ్బు ఇక్కడికొచ్చి అప్పటికే అక్షరం ముక్క ఉన్న ఇళ్ల పిల్లలకి మరో మెట్టు వేసింది. కిందివాళ్లకి అందలేదు.

ఈ లెక్క మారింది బెజవాడలో. థామస్ యంగ్ డార్లింగ్ అనే మిషనరీ ఇక్కడ పనిచేస్తుండేవారు. ఏళ్ల తరబడి తిరిగినా వచ్చినవాళ్లు లేరు. 1859లో రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే ఆయన డార్లింగ్‌ని వెతుక్కుంటూ వచ్చారు. మాల కులస్తుడు. ఏ బడి గుమ్మమూ తొక్కే అవకాశం దొరకని మనిషి. ఆయన వెనక కుటుంబం, ఆ వెనక పల్లెకి పల్లె కదిలాయి. మాలపల్లెల్లో చిన్న చిన్న మిషన్ బడులు వచ్చాయి. కేంబ్రిడ్జ్ దొర ఉండడు, పాక ఉంటుంది, పలక ఉంటుంది. అదే చందాల డబ్బు. చేరింది మాత్రం ఇంకో చోటికి. చందా వేసినవాళ్లు ప్లాన్ చేసింది కాదది, వెంకయ్య నడిచొచ్చి తెచ్చుకున్నది.

1864 నవంబర్ 1.. ఆ రాత్రి

దివిసీమ ఉప్పెన గుర్తున్న పెద్దవాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. 1977 నవంబర్ 19న పది వేల మందికి పైగా పోయారు. దానికి 113 ఏళ్ల ముందు బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో చనిపోయినవాళ్లు సుమారు 30 వేలు. సముద్రం ఊళ్లోకి రాలేదు, ఊరే సముద్రంలో ఉండిపోయింది. తెల్లారేసరికి వీధుల్లో శవాలు, ఉప్పు మేటలు. తాగడానికి నీళ్లు లేవు. ఊరంతా బురద, కుళ్లు వాసన.

నోబుల్ ఆ రాత్రి బతికి బయటపడ్డారు. అప్పటికే ఒంట్లో బాగోదు. ఇరవై ఏళ్లకి పైగా ఈ ఎండల్లో, విరామం లేకుండా. మిగతా మిషనరీలు మధ్యలో సెలవు పెట్టి ఇంగ్లండ్ వెళ్లి ఆరోగ్యం బాగుచేసుకుని వచ్చేవాళ్లు. ఈయన ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదంటే, తను వెళ్తే బడి ఏమవుతుందోనని. 1865 అక్టోబర్ 17న బందరులోనే చనిపోయారు. 56 ఏళ్లు. 1841లో ఓడెక్కేటప్పుడు చూసిందే ఆఖరు, సొంతూరిని మళ్లీ చూడలేదు.

బడి మూతపడలేదు. నోబుల్ కుర్చీలో కూర్చున్న జాన్ షార్ప్, ఆ రగ్బీ ఫాక్స్ మాస్టర్ పోస్టులో వచ్చినవారే. ఎప్పుడో పోయిన ఫాక్స్ పేరు మీద స్కూల్ పిల్లలు వేసిన చందా, నోబుల్ పోయిన రోజున బడిని నిలబెట్టింది.

సీన్ కట్ చేస్తే..

ఆ బడే కాలేజీ అయింది. 19వ శతాబ్దం చివర్లో రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడ పాఠాలు చెప్పారు. ఆయన బ్రహ్మసమాజం మనిషి, తర్వాత మద్రాసు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మిషన్ కాలేజీలో బ్రహ్మసమాజం లెక్చరర్! నోబుల్ చూస్తే ఏమనేవారో. ఆయన శిష్యుల్లో ఇద్దరు కుర్రాళ్లు ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఒకరు కృష్ణా పత్రిక నడిపారు, ఇంకొకరు 1923లో ఆంధ్రా బ్యాంక్ పెట్టారు, తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు.

వీళ్లిద్దరూ కోపల్లె హనుమంతరావుతో కలిసి 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల మొదలుపెట్టారు. దానికి ముందు 1907లో బిపిన్ చంద్ర పాల్ తెలుగు ఊళ్లు తిరిగి ప్రసంగాలు చేసి వెళ్లారు, ఆ వేడి ఇంకా చల్లారలేదు. సర్కారు గ్రాంటు వద్దు, మిషన్ డబ్బు వద్దు. మన చదువుకి మన చందాలే. కోపల్లె జోలె పట్టినట్టే ఊరూరా తిరిగి డబ్బు అడిగారు. పుస్తకం చదువుతో పాటు మగ్గం, వడ్రంగం, చిత్రకళ నేర్పారు. జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్య కూడా అక్కడ పనిచేశారు. కోపల్లె 1922లో పోయారు. చందాలతో కాలేజీ నడపడం ఎంత కష్టమో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. బయటి డబ్బు తీసుకుంటే షరతు, తీసుకోకపోతే నెల నెలా జీతాల వెతుకులాట. ఒకే ఊళ్లో ఈ రెండు రకాల కాలేజీలూ పక్కపక్కనే నడిచాయి.

బ్రిటన్ డబ్బు తెలుగు బడుల్లోకి మళ్లీ ఒకసారి వచ్చింది, ఈసారి బైబిల్ లేకుండా. 1980ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకానికి నిధులిచ్చింది బ్రిటన్ ప్రభుత్వ సహాయ విభాగమే. రిటైరైన టీచర్లని అడగండి, ఏపీపెప్ అంటే టక్కున గుర్తుపడతారు. టీచర్లకి శిక్షణ, తరగతి గదులు, బ్లాక్‌బోర్డు పక్కన పిల్లలు గీసిన బొమ్మలు. 1996లో డీపీఈపీ వచ్చినప్పుడు రాష్ట్రంలో మొదటి విడత జిల్లాలకి కూడా సాయం అక్కడి నుంచే. అప్పుడూ షరతులున్నాయి. ఈసారి మతం మారమని కాదు, రిపోర్టులు పంపమని, లెక్కలు చూపమని, పాఠం చెప్పే పద్ధతి మార్చమని.

ఇప్పుడు ఆ గాలి ఎదురు తిరిగింది. జాతీయ ఆదాయంలో 0.7 శాతం విదేశీ సాయానికి ఇస్తామన్న బ్రిటన్ 2021లో దాన్ని 0.5కి తగ్గించింది. 2027 నాటికి 0.3కి దించుతామని ప్రకటించింది. అమెరికా ఏకంగా తన సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌నే 2025లో మూసేసింది. ఆ డబ్బు మీద నడిచే బడులు ఆఫ్రికాలో, ఆసియాలో ఇంకా చాలా ఉన్నాయి. అక్కడి టీచర్లకి వచ్చే నెల జీతం ఎవరిస్తారన్నది తేలట్లేదు.

నోబుల్ కాలేజీ మాత్రం బందరులో ఇప్పటికీ నడుస్తోంది. భవానీపురంలో బస్సెక్కి పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో మారితే, రెండు రెండున్నర గంటల్లో అక్కడ ఉంటారు. 1843లో వేళ్ల మీద లెక్కపెట్టినంత మందితో తెరిచిన ఆ బడిలో, అప్పట్లో గుమ్మం దాటనివ్వని ఇళ్ల పిల్లలు ఇవాళ మొదటి బెంచీలో కూర్చోవచ్చు. ఆపేవాళ్లు లేరు.